సొర తిరిగే నీళ్లలో సుసన్నా

గోదావరిఖనిలో జ్ఞానయ్యతో డ్యూటీ చేసినవాళ్లను ఎవరినడిగినా గట్టి గుండెగలవాడని చెబుతారు. బొగ్గుబావిలో పైకప్పు పెళపెళమంటున్నా చేతిలో పని వదలకుండా, పక్కవాణ్ణి ముందు పంపి తాను వెనక వచ్చిన రోజులున్నాయి. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ మాట ఎవరైనా ఎత్తితే మాత్రం ఆయన చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు.

"నాదేం ధైర్యమయ్యా, నెత్తిమీద లైటు ఎటు జూపిస్తె అటు నడిచిన. ధైర్యమంటే మా ఇంటామెది" అంటాడు.

ఆ ఇంటామె సుసన్నా. దవాఖానలో ఆయాగా పనిచేస్తుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నడకలో ఎప్పుడూ ఏదో ముంచుకొచ్చినంత తొందర. నలభై దాటేదాకా ఆమెకు నీళ్లతో ఉన్న పరిచయమల్లా బిందెలూ బకెట్లే.

ఆమెను నీళ్లలోకి దింపినవాడు ఆకాశ్. అక్క సారవ్వ కొడుకు, డిగ్రీ చదువుతున్నవాడు. ఒక ఆదివారం చర్చివాళ్లంతా బాప్తిస్మాల కోసం గోదావరికి వెళ్లారు. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. కుర్రాళ్లు మళ్లీ నీళ్లలోకి దిగి ఒకరిమీద ఒకరు చల్లుకుంటున్నారు. మోకాలి లోతే కదా అని పెద్దవాళ్లెవరూ వద్దనలేదు. ఏటిలో ఇసుక తోడిన గుంత ఎక్కడ నోరు తెరుచుకుని ఉందో ఎవరికి తెలుసు? ఆకాశ్ నవ్వుతూ రెండడుగులు వెనక్కి వేశాడు, అంతే, మునిగాడు. ఒడ్డున గిన్నెలు తోముతున్న సుసన్నా వాడి చెయ్యి పైకి లేవడం చూసింది. పరుగున వెళ్లి చీరకొంగు విసిరింది. అందలేదు. దూకబోతే ఆడవాళ్లు నలుగురూ కలిసి ఆమెను వెనక్కి లాగేశారు. పిల్లవాణ్ణి ఒడ్డుకు చేర్చేసరికి ఊపిరి లేదు.

ఆ తర్వాత చాలాకాలం ఆమెకు అన్నం సయించలేదు. అక్క ముఖం చూడడానికే మొహం చెల్లేది కాదు. జ్ఞానయ్య ఓదార్చబోతే వినేది కాదు. ఒకనాడు పొద్దున చాయ్ గ్లాసు అతని చేతికిచ్చి, గడప మీద కూర్చుని అన్నది:

"డెబోరా నాయినా, నేను ఈత నేర్సుకుంట."

డెబోరా వాళ్ల కూతురు. రామకృష్ణాపూర్‌లో టీచరు, పెళ్లై బిడ్డ తల్లి. మనవరాలున్న మనిషి ఈత నేర్చుకుంటాననేసరికి జ్ఞానయ్యకు చాయ్ గొంతులో అడ్డం పడింది.

"ఈ వయసులనా? ఎవలన్న ఇంటే నవ్వుతరే."

"నవ్వనీ. మునిగేటోన్ని నీళ్లు వయసడుగుతయా, ఒడ్డున నిలబడ్డదాన్ని అడుగుతయా? ఆనాడు నాకు ఈతొస్తే పిలగాడు దక్కుతుండెనో లేదో దేవునికెరుక. కని మల్లొక్కసారి గట్ల కొంగు ఇసిరి ఏడ్సుకుంట నిలబడ నేను."

కాలనీ స్విమ్మింగ్ పూల్‌లో పొద్దున ఒక గంట ఆడవాళ్లకు కేటాయించారు. వచ్చేది పదో తరగతి పిల్లలూ, ఆఫీసర్ల భార్యలూ. వాళ్ల మధ్యకి సుసన్నా మోచేతుల దాకా, చీలమండల దాకా కప్పే బట్టలేసుకుని వెళ్లింది. మొదటి రోజు మెట్టు మీద నుంచి దిగనేలేదు. ఈత నేర్పే సుప్రజ ఆమె కూతురికంటే చిన్నది. భయపెట్టకుండా, తొందరపెట్టకుండా రోజూ ఒకటే మాట చెప్పేది: "నీళ్లతో కొట్లాడకండి ఆంటీ. వాటి మీద పడుకోండి. అవే మోస్తాయి."

నీళ్ల మీద పడుకోవడం నేర్చుకోవడానికే ఆమెకు ఎండాకాలమంతా పట్టింది. ముక్కులోకి నీళ్లు పోయి కళ్లు ఎర్రబడి ఇంటికొచ్చేది. జ్ఞానయ్య తల తుడిచి, "ఇగ చాలుతీ" అనేవాడు. మర్నాడు కోడి కూయకముందే మళ్లీ తయారు. వానాకాలం వచ్చేసరికి ఆ చివరి నుంచి ఈ చివరికి ఆగకుండా ఈదింది. ఆ రోజు జ్ఞానయ్య గేటు బయట నిలబడి జాలీలోంచి చూశాడు. చూశాడే గానీ ఊపిరి బిగబట్టే ఉన్నాడు. పాతాళంలోకి దిగివచ్చే ఆ మనిషికి చెరువుగట్టు మీద నడవాలన్నా కాళ్లు వణుకుతాయి.

చర్చిలో గుసగుసలు వినిపించాయి. సుసన్నా వాటిని చెవిన పెట్టలేదు. పైగా గుసగుసలాడినవాళ్ల కూతుళ్లనే వెంటబెట్టుకుని పూల్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఎవరైనా మునుగుతుంటే ఏం చెయ్యాలో వాళ్లకు పాఠం చెప్పేది: "ముందుగాల ఒర్రాలె, నలుగుర్ని పిలవాలె. తర్వాత తేలేదేదన్న ఇసరాలె. ఉత్త చేతుల్తోని దుంకితే ఒక్క శవం కాడ రెండైతయి."

ఒక ఏడాది క్రిస్మస్ పండుగ అయిపోయాక చర్చివాళ్లు సముద్రం చూడ్డానికి బయలుదేరారు. రామగుండంలో రైలెక్కి విశాఖ వెళ్లి, అక్కడి నుంచి భీమిలి దాటాక ఒక చిన్న జాలరిపల్లెకు చేరారు. బొగ్గు దుమ్ములో పుట్టి పెరిగిన పిల్లలు సముద్రాన్ని చూసి వెర్రెత్తినట్టు పరుగులు తీశారు. సుసన్నా మాత్రం నీళ్లవైపు వెళ్లలేదు. వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి దగ్గరికి వెళ్లింది. అతని పేరు నూకరాజు.

"తమ్మీ, మా పిల్లలు యాడ తానం చేస్తే మంచిది?"

నూకరాజు లేచి చెయ్యి చాపాడు. "అదిగో, కెరటం ఇరిగి తెల్లగా నురగొస్తందే, అక్కడైతే పర్లేదమ్మా. ఆ పక్కన సూడు, నురగ లేకుండా నల్లగా, నున్నగా ఉంది గదా. సూస్తే నెమ్మదిగా ఉన్నట్టే ఉంటాది. అక్కడే లోపలికి లాగేస్తాది. పొరపాట్న పడితే ఒడ్డుకేసి ఈదకూడదు. పక్కకి ఈదాల."

ఆమె వంటకు తెచ్చిన కర్రలు రెండు ఇసుకలో పాతి, వాటికి రెండు ఎర్ర చున్నీలు కట్టింది. వాటి మధ్యనే ఆడుకోవాలని, నడుము దాటి పోవద్దని గట్టిగా చెప్పింది. ఖాళీ అయిన నీళ్ల క్యానుకు మూత బిగించి, నూకరాజు పడవ తాడు ఒకటి అడిగి తెచ్చి దాని పిడికి కట్టి దగ్గర పెట్టుకుంది. జ్ఞానయ్య తోటి కార్మికుడు టోనీ నవ్వాడు. "ఏంది సుసన్నక్కా, పిక్నిక్‌కు వచ్చినమా, డ్యూటీకి వచ్చినమా?"

"నువ్వు నవ్వు తమ్మీ, నేను కాపలుంట" అన్నది ఆమె.

పొద్దెక్కింది. అందరూ నీళ్లలో ఉన్నారు. ఇంతలో ఎవరో "షార్క్! షార్క్!" అని కేక పెట్టారు. జ్ఞానయ్య తలెత్తి చూస్తే, కెరటాల వెనక పడవంత నల్లటి నీడ, దాని మీద నిటారుగా రెక్క. పిల్లలు, ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ ఒడ్డుకు పరుగెత్తారు. ఎవరి పిల్లల్ని వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. టోనీ భార్య గావుకేక పెట్టింది. "సారిక! నా బిడ్డేది?"

సారిక వాళ్ల కూతురు, ఇంటర్ చదువుతోంది. అందరికంటే లోపలగా ఉన్న ఆ పిల్ల రెక్కను చూసి బెదిరి, దానికి దూరంగా పోవాలని పక్కకు మళ్లింది. సరిగ్గా ఆ నున్నటి నల్లని నీళ్లలో పడింది. చూస్తుండగానే తల చిన్నదైపోతోంది. చేతులు పిచ్చిగా కొడుతోంది. ఒడ్డుకేసి ఎంత ఈడ్చుకున్నా ఇంచు కదలడం లేదు.

టోనీ దూకబోయాడు. అతనికి ఈత రాదు. సుసన్నా అతని జబ్బ పట్టుకుని ఇసుక మీద కూలేసింది. తాడు కొసను మొగుడి చేతిలో పెట్టింది.

"గట్టిగ పట్టుకో. నేను చెయ్యి లేపిన్నంటే గుంజు. లేపేదాక గుంజకు."

"అండ్ల సొర ఉన్నది గదనే!" జ్ఞానయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"సూసిన. సొర తినేదాక ఆ పిల్ల ఉండదు. నీళ్లే ముందుగాల మింగుతయి" అని, క్యాను చంకన పెట్టుకుని నురగల్లోకి దిగింది.

తన జీవితంలో అంత పొడుగాటి సమయం ఇంకొకటి లేదంటాడు జ్ఞానయ్య. తాడు అతని చేతుల్లోంచి జారుతూ పోతోంది. ఆమె తల ఒక కెరటం మీద కనిపిస్తుంది, మరో కెరటంలో మాయమవుతుంది. రెక్క ఆమెకేసి తిరిగింది. ఒడ్డున అందరూ మోకాళ్ల మీద పడి ప్రార్థన చేస్తున్నారు. అతనికి ప్రార్థనలో ఒక్క మాటా గుర్తు రాలేదు. తాడు అయిపోయింది. కొస ఒక్కటే మిగిలింది, ఆమె ఇంకా సారికను చేరలేదు. అప్పుడు జ్ఞానయ్య సముద్రంలోకి నడిచాడు. మోకాళ్లు, నడుము, రొమ్ము. కెరటం ముఖాన కొట్టింది. ఉప్పునీళ్లు మింగాడు. తాడు మాత్రం వదల్లేదు.

లోపల ఏం జరిగిందో తర్వాత సుసన్నా చెబితే తెలిసింది. ఆ జంతువు ఆమె పక్కనుంచే పోయింది. నల్లటి ఒంటి నిండా ఎవరో ముగ్గు చుక్కలు పెట్టినట్టు తెల్లటి చుక్కలు. మడమ తగిలితే ఉప్పుకాగితం గీసుకున్నట్టయింది. చచ్చేంత భయం వేసింది. భయపడుతూనే చేతులు ఆడించింది. సారిక దగ్గరికి వెళ్లగానే ఆ పిల్ల మెడ పట్టుకోబోతే, తాను వెనక్కి జరిగి క్యాను ముందుకు తోసింది.

"నన్ను పట్టకు బిడ్డా, దీన్ని పట్టు! కాళ్లు కొట్టకు. ఎల్లెలకల పడుకో. నేనున్న గదా, ఫికర్ చెయ్యకు."

ఒడ్డుకేసి రాలేదు. ఇద్దరూ పక్కకు, ఒడ్డు పొడుగునా మెల్లగా తేలుతూ పోయారు. లాగుడు సడలి, కెరటాలు విరిగే చోటికి చేరాక సుసన్నా చెయ్యి లేపింది. జ్ఞానయ్య గుంజాడు. అప్పటికే పరుగున వచ్చిన నూకరాజు, మరో ఇద్దరు జాలర్లు తాడందుకున్నారు. కెరటం ఒకటి ఇద్దరినీ మూటల్లా ఇసుక మీదికి విసిరింది. సారిక నీళ్లు కక్కి, దగ్గి, ఏడ్చింది. ఆ ఏడుపు వినపడ్డాక గానీ టోనీకి కాళ్లు కదల్లేదు. సుసన్నా పాదాల మీద పడబోతే ఆమె కసిరింది. "పిల్లకు బట్ట కప్పుపో. జల్ది దవాఖానకు తీస్కపోవాలె, ఊపిరితిత్తులల్ల నీళ్లున్నయో ఏమో సూపియ్యాలె."

నూకరాజు నీళ్లలోకి చూసి ఊపిరి వదిలాడు. "ఏటమ్మా నువ్వు, ఆడమనిషివా, పిడుగువా! అది పులిబొగ్గు సొరమ్మా. పేరుకే సొర. మనుసుల్ని తినదు. సిన్న సిన్న రొయ్యపొట్టు లాంటివి మింగి బతుకుతాది. దారి తప్పొచ్చింది పాపం. తోకకి వల సుట్టుకుంది సూడు."

"తినదని నాకు తెల్వదు గద తమ్మీ" అన్నది సుసన్నా. అప్పుడు మొదలైంది ఆమెకు వణుకు. జ్ఞానయ్య దుప్పటి కప్పి, ఆమెను పొదివి పట్టుకుని కూర్చున్నాడు. నలుగురిలో భార్య చెయ్యి పట్టుకుని ఎరగని మనిషి, ఆ పూట వదల్లేదు.

టోనీ కుటుంబం సారికను తీసుకుని ఆటోలో దవాఖానకు వెళ్లింది. జాలర్లు కత్తితో తోకకు చుట్టుకున్న వల కోశారు. సొర లోతు తక్కువైన చోట ఇసుకను తాకి కదల్లేక పోతోంది. పదిమంది కలిసి నెట్టాలి. సుసన్నా దుప్పటి తీసి లేచింది. జ్ఞానయ్య వద్దనలేదు. ఆమె వెనకే వెళ్లి తానూ ఒక చెయ్యి వేశాడు. పెద్ద కెరటం వచ్చినప్పుడల్లా "హైలెస్సా" అని తోశారు. చివరకు ఆ కొండంత ఒళ్లు ఒక్కసారి మెలి తిరిగి, లోతుల్లోకి జారిపోయింది.

ఆ కథ వాళ్లకంటే ముందే గోదావరిఖని చేరింది. అక్కణ్ణుంచి పక్కనున్న నస్పూర్ చేరేసరికి సుసన్నా సొర నోట్లో చెయ్యి పెట్టి పళ్లు ఊడబీకినట్టయింది. జైపూర్‌లో అయితే ఆమె దాని మీద ఎక్కి ఒడ్డుకొచ్చిందట. దవాఖానకొచ్చిన ప్రతివాళ్లూ అడిగేవారు. ఆమె ఓపికగా సరిచేసేది.

"సొర నన్నేం చెయ్యలె, నేను దాన్నేం చెయ్యలె. పిల్లను గుంజింది నీళ్లు. మీరు సొర ముచ్చట గాదు, నీళ్ల ముచ్చట యాదుంచుకోండ్రి."

సారికకు ప్రాణగండం తప్పింది గానీ భయం తప్పలేదు. స్నానానికి మగ్గుతో నీళ్లు పోసుకోవాలన్నా కళ్లు మూసుకునేది. సుసన్నా డ్యూటీ దిగి రోజూ వాళ్లింటికి వెళ్లి కూర్చునేది. సముద్రం పేరెత్తేది కాదు. పూలు కట్టేది, మాట్లాడేది, వచ్చేది. ఎండలు ముదిరాక ఒకరోజు ఆ పిల్లే అడిగింది: "పెద్దమ్మా, పూల్ కాడికి నేను గూడ రానా?"

మొదట మెట్టు మీద కూర్చుని పాదాలు తడుపుకుంది. తర్వాత సుసన్నా అరచేతుల మీద వెల్లకిలా పడుకుంది. వెన్ను కింద ఆ చేతులున్నాయో లేవో ఒకటికి రెండుసార్లు అడిగేది. ఉన్నాయని సుసన్నా ప్రతిసారీ బదులిచ్చేది. ఒక పొద్దున బదులు గట్టు మీద నుంచి వినిపించింది. సారిక ఉలిక్కిపడి తల తిప్పి చూసింది. సుసన్నా దూరంగా నిలబడి కొప్పు పిండుకుంటోంది. ఆ పిల్ల ఒక్క క్షణం తడబడి, మళ్లీ కాళ్లు చాపుకుని, ఆకాశం చూస్తూ అలాగే తేలుతూ ఉండిపోయింది.