వెళ్ళొస్తానండీ

అమీర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ నడిపే వసుమతిగారిది భీమవరం. నాది కరీంనగర్. జావా కోర్సుకు బయల్దేరుతూ నేను "పోతున్న ఆంటీ" అన్నానంటే ఆవిడకు ఒళ్ళు మండేది.

"పోవడమేంటే, పాడుమాట! వెళ్ళొస్తాననాలి."

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలొచ్చిన సంతోషంలో మేమంతా ఆవిడను సముద్రం మధ్య దీవిలో ఉన్న పాతకోటకు తీసుకెళ్ళాం. ఇప్పుడది మ్యూజియం. ఫిరంగులు చూశాక, ఖైదీలు ప్రాణాలతో బయటికి రాని చీకటిగదిలోకి దిగాం. తిరిగొస్తూ ఆవిడ అలవాటుకొద్దీ గుమ్మంలో ఆగి, ఆ ఖాళీగదితో "వెళ్ళొస్తానండీ" అన్నారు.

మేం పడీపడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. పడవలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మళ్ళీ వస్తానని ఎవరికే మాటిచ్చాను?"

"ఆడ ఎవ్వరున్నరు ఆంటీ, ఫికర్ చెయ్యకుండ్రి," అని కసిరాను.

ఆ తర్వాత ఎవరు "వెళ్ళొస్తాం" అన్నా ఆవిడ ఉలిక్కిపడేవారు. పంజాగుట్ట ఆఫీసుకు బయల్దేరుతూ నేను కావాలనే "పోతున్న" అన్నా తిట్టేవారు కాదు. ఆ తిట్లు లేకపోతే నాకు భయమేసేది.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ సంచి భుజాన వేసుకుని, హాస్టల్ తాళాలు నా చేతిలో పెట్టారు.

"యాడికి ఆంటీ?"

"మాటిచ్చాను కదే."

గుమ్మం దాటి, వెనక్కి తిరక్కుండా అన్నారు.

"పోతున్నాను."