‘రెక్’ దగ్గర నొక్కి పలకాలి

మా ట్యూటరమ్మంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట. ఆవిడ పోయిందని తెలిసిన రోజున కూడా అయ్యో అనిపించలేదు.

డెబ్భైల్లో బెజవాడలో నర్సింగు చదివేదాన్ని. ఉయ్యూరు దగ్గర మగ్గాలవాళ్ళ ఇంటి నుంచి, తెలుగు మీడియంలో చదివి వచ్చానని ఆవిడకు నేను లోకువ. పొడుగాటి డాక్టరు మాట ఏది వచ్చినా నన్నే లేపేది. మాటను ముక్కలు చెయ్యాలి, ఒక్కో ముక్కకు అర్థం చెప్పాలి, నొక్కాల్సిన చోట నొక్కి పలకాలి. నేనేమో అన్నీ ఒకే తీరుగా పలికేదాన్ని. తప్పినప్పుడల్లా బల్ల మీద స్కేలు దెబ్బ.

“మగ్గం ఆడించినట్టు ఆ టకటకలేంటమ్మా?” అనేది. క్లాసంతా నవ్వేది.

రెండో ఏడు మా అక్క మేము పని నేర్చుకునే ఆసుపత్రిలోనే వైద్యానికి చేరింది. నన్ను చదివించడానికి తను బడి మానేసి మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లల్లేరు. కడుపులో గడ్డలున్నాయనీ, అవి తీసేస్తే పిల్లలు పుడతారనీ చెప్పి బావ తీసుకొచ్చాడు. ఆపరేషన్ కాగితం మీద సంతకం కూడా ఆయనే పెట్టాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్సులో ట్యూటరమ్మ మమ్మల్ని అక్క మంచం చుట్టూ నిలబెట్టింది. రోగి ముందే అంతా ఇంగ్లీషులో మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. మంచం మీదున్నది మా అక్క అని తెలిసి కూడా, కేసు షీటు నా చేతికే ఇచ్చి ఆపరేషన్ పేరు చదవమంది.

బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ.

“ముక్కలు చెప్పు” అంది.

అలవాటుకొద్దీ ఇంగ్లీషులో చెప్పుకుపోయాను. బైలేటరల్ అంటే రెండువైపులా. సాల్పింగో అంటే గర్భనాళాలు. ఊఫర్ అంటే అండాశయం. ఎక్టమీ దగ్గరికొచ్చేసరికి షీటు మీద పేరు మళ్ళీ చూసుకున్నాను. కోసి తీసెయ్యడం. అక్కకు ఇక పిల్లలు పుట్టరు.

“ఈవిడకు చెప్పారాండీ?” అని వచ్చీరాని ఇంగ్లీషులోనే అడిగాను.

“భర్తకు చెప్పాం. నీ పని చదవటం. మళ్ళీ మొత్తం చదువు” అంది ఆవిడా ఇంగ్లీషులోనే.

అక్కతో తెలుగులో ఒక్క మాట అంటే సరిపోయేది. చదువు మాన్పించి ఇంటికి పంపేస్తారని భయపడ్డాను. ఆవిణ్ణి తిట్టుకున్నంతగా నన్ను నేను ఎన్నడూ తిట్టుకోలేదు, అదీ నిజమే.

చదివాను. ‘రెక్’ దగ్గర సరిగ్గా నొక్కాను.

“ఇప్పుడొచ్చింది” అంది. నన్ను ఆవిడ మెచ్చుకోవడం అదే మొదటిసారి.

అక్క దిండు మీంచి తల ఎత్తి, పక్క మంచం ఆవిడతో అంది: “మా చెల్లెలండీ. ఎంత చక్కగా చదివిందో విన్నారా?”