ఎడమ అంచు

ఆ రోజు హిందూపురంలో రైలెక్కి, కూర్చోగానే తలనొప్పి మాత్ర మింగాను. ఎదుటి సీట్లోని నడివయసు ఆమె నన్నే చూస్తోంది.

"ఏమప్పా, దినామూ లేస్తానే నొస్తాదా? వాంతి గూడా అయితాదా?"

రెండూ నిజమే. రెండు నెలలుగా ఎక్కువవుతూనే ఉన్నాయి.

"పైత్యంలే అక్కా," అన్నాను.

ఆమె సంచిలోంచి పట్టుచీర తీసి మడత విప్పింది. అమ్మబోతే ఎవరూ కొనలేదట. కుడి అంచు చక్కగా ఉంది. ఎడమ అంచు పొడవునా పోగులు తెగి, బుటాలు తప్పాయి.

"మా ఆయన నేసిందే. ఆయనకూ ఇట్లే అయితాంటే మేమూ పైత్యమనే అనుకుంటిమి. ఈ పక్కనే తప్పులు పడతాంటే మగ్గంలో అచ్చు మారిస్తిమి, కడాకు మగ్గమే మారిస్తిమి. మనిషిని మాత్రం డాక్టరుకు చూపిచ్చలేదు. ఆఖరుకు చూపిస్తే తలలో గడ్డంట. ఆపరేషన్ చేసి తీసినారు, మనిషి దక్కినాడు. ఎడం పక్క చూపు మళ్లా రాలేదు."

ఆమె చీర మడత పెట్టుకుంది. నేను కళ్లద్దాలు తీసి తుడిచాను. చూపు మసకగా ఉందని అప్పటికి రెండుసార్లు మార్చిన అద్దాలవి.

నాకు పని పెనుకొండలో. బండి అక్కడ ఆగింది, కదిలింది. నేను దిగలేదు. ధర్మవరంలో ఆమె వెనకాలే దిగి, వాళ్లాయనకు ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్కడుంటాడని అడిగాను.