ఆకులు లెక్కపెట్టే బాబాయి

మా బాబాయికి ఆకులు లెక్కపెట్టే జబ్బుంది. జూలో పాములను చూసుకోవడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే చీపురు పట్టుకుని ఆకుపచ్చ పింజరి పాము ఉన్న అద్దాల గదిలోకి వెళ్ళి, చెట్టు ఆకులన్నీ పైకి లెక్కపెడతాడు. పాము కనిపించినా ఊరుకోడు. దాని దగ్గర కాసేపు ఆగి, మర్యాదగా పక్కకి జరిగి, మళ్ళీ మొదలుపెడతాడు.

ఆ పాము కొమ్మకి తోక చుట్టుకుని, రోజుల తరబడి కలగంటున్నట్టు కదలకుండా ఉంటుంది. కంటికీ ముక్కుకీ మధ్యనున్న చిన్న గుంటతో ఎలుక ఒంటి వెచ్చదనాన్ని చీకట్లో కూడా పసిగడుతుంది. కాటేస్తే చెయ్యి మోచేతిదాకా వాచిపోతుంది. సన్నటి తుంపరలో, పచ్చటి వెలుతురులో బాబాయి "నలభై... నలభై ఒకటి..." అంటుంటే చూడవచ్చినవాళ్ళు బెంచీల మీదే జోగేవారు. సెలవుల్లో నేనూ అక్కడే హాయిగా నిద్రపోయేదాన్ని.

ఒకసారి పిన్ని ఆకుల బొమ్మల దుప్పటి కొంది. మధ్యాహ్నం కునుకు తీయబోయిన బాబాయి కర్రతో మంచం తట్టి లెక్క మొదలుపెట్టాడు.

"పడుకుంటారా లేదా?"

"ఉండవే, ఎనభైలో ఉన్నాను!"

"ఆ పామునే చేసుకోకపోయారా!"

"అది లెక్క మధ్యలో మాట్లాడదు," అన్నాడు దిగులుగా.

ఆ గది ఊడ్చే పని మేమందరం అక్క అని పిలిచే ఆవిడది. రిటైరు కావడానికి ఇంకో ఏడాదే ఉంది. ఆవిడకి చూపు ఆనడం లేదని ఎవరో చెప్పగా, ఒకరోజు ఆఫీసరు వచ్చి అద్దం ముందు నిలబెట్టాడు.

"పాము ఎక్కడుందో చూపించమ్మా. చూపించలేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

అక్క మొహం పాలిపోయింది. లోపల బాబాయి తలైనా తిప్పలేదు. ఆయన గొంతు మాత్రం కింది కొమ్మనుంచి పైకెక్కి, ఎడమకి తిరిగి, "తొంభై ఆరు..." దగ్గర ఆగిపోయింది. అక్క చెట్టువైపు చూడనేలేదు, చెవి ఒగ్గి వింటోంది. చటుక్కున చీపురెత్తింది.

"అదిగో సార్!"

"అది ఆకు కదమ్మా!" అంటూ ఆఫీసరు అద్దానికి ముక్కు ఆనించాడు.

ఆకు నాలుక చాపింది. ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేసి, "బానే కనిపిస్తోందే!" అని వెళ్ళిపోయాడు.

బాబాయి చేట నిండా ఎండుటాకులతో బయటికొచ్చాడు. లెక్క వంకతో ఇన్నాళ్ళూ అక్క బదులు లోపల ఊడుస్తున్నది ఆయనే! నాకు ఆయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

అంతలో అక్క నన్ను పక్కకి లాగింది.

"అమ్మాయ్, ఎవరితోనూ అనకు. మీ బాబాయికి చూపు బొత్తిగా ఆనదు. ఆకులన్నీ లెక్కపెడితే గాని పాము దొరకదు, పాపం. ఆయనకంటే నా కళ్ళే నయం. ఆయన ఉద్యోగం పోతుందని నేనే ఎవరికీ తెలియకుండా కాచుకొస్తున్నాను."