నొప్పి యాడ పుట్టింది?

మా గురువర్యులు, శస్త్రవైద్య నిపుణులు డాక్టర్ మునుస్వామి నాయుడు గారు మొన్న శనివారం తమిళనాడులోని మా ధర్మపురిలో హఠాత్తుగా దివంగతులైనారు. వార్డులో ఉండగా ఆ దుర్వార్త నా చెవిన పడింది. నాలుగు రోజులైనా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వరండా చివరిదాకా పోయి వస్తాను, రెండు వాక్యాలు రాస్తాను, మళ్లీ లేస్తాను.

ఆయన శాంతమూర్తి అని ఎవరైనా రాస్తే నమ్మకండి. అపారమైన విద్వత్తు, అంతకు మించిన ముక్కోపం! ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చదువంతా తమిళంలో సాగడంతో తెలుగు అక్షరాలు రావు. ఈ వ్యాసం ఆయన బతికుండగా రాసి ఉంటే నేనే చదివి వినిపించాల్సి వచ్చేది.

మూడేళ్ల కిందటి మాట. కడుపులోకి తొంగిచూసే యంత్రాలు మా ఊరి ఆసుపత్రికి ఇప్పటికీ రాలేదు, అప్పుడెక్కడివి? ఏరియూరు నుంచి ఒక తల్లి కూలిపని చేసే కూతుర్ని తీసుకొచ్చింది. నొప్పి ఎడమ పొత్తికడుపులో. అపెండిక్స్ ఉండేది కుడివైపు కదా! అది కాదని తీర్మానించి, మూత్రనాళంలో రాయి అని రాసి, సూది వేసి ఇంటికి పంపబోయాను. పిల్ల కడుపు మీద రెండు వాతలున్నాయి. నొప్పి ఉన్నచోట ఇనుము కాల్చి వాత పెట్టడం మా పల్లెల ఆనవాయితీ. అయ్యో, ఆ తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాను.

సార్ వచ్చి నన్ను పక్కకు జరగమన్నారు. ఆ వాతలనే చూస్తూ, "నొప్పి యాడ పుట్టింది తల్లీ?" అని అడిగారు.

"బొడ్డుకాడ సామీ. ముందు ఆడ పెడితిని. తెల్లారేతలికి ఈడికి దిగె, ఈడా పెడితిని."

బొడ్డు దగ్గర పుట్టి కిందికి దిగడం అపెండిక్స్ నొప్పి లక్షణం. దిక్కు ఒక్కటే తేడా. సార్ స్టెతస్కోపు కుడి ఛాతీ మీద ఆనించి విన్నారు, నాకు వినిపించారు. గుండె అక్కడ కొట్టుకుంటోంది! ఆ పిల్ల అవయవాలన్నీ పుట్టుకతోనే కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి.

"గుండె ఈ పక్కుంటే అపెండిక్సు ఆ పక్కుండదామ్మా? ఇంటికి పంపింటే సచ్చిపోయుండును. యాడ నొప్పో అడిగితివి, యాడ పుట్టిందో అడగలేదు!" అని నా మీద కేకలేశారు.

గంటలోపల ఎడమవైపు కోసి, పగిలే దశలో ఉన్న అపెండిక్స్‌ను తీశారు. తల్లి దణ్ణం పెట్టబోతే, "నువ్వు పెట్టిన వాతలే దారి చెప్పినాయి. ఇంక మాత్రం పెట్టొద్దు," అన్నారు.

నాటి నుంచి నా దగ్గరికొచ్చిన ప్రతి రోగినీ ఆ ప్రశ్న అడిగాను. ఒక్కరిని తప్ప.

మొన్న శుక్రవారం, పోయే ముందురోజు, ఓపీ ముగిశాక సార్ కుర్చీలో వాలి పొట్ట పైభాగం రుద్దుకుంటున్నారు. ఏమైందన్నాను.

"ఏమీలేదమ్మా, పొద్దున తిన్న సంగటి అరగలేదు."

"సోడా తాగండి సార్," అని నవ్వి వచ్చేశాను.

అది గుండెనొప్పి అని మర్నాటికి గాని తెలియలేదు.

గురుదేవా, మీ స్థానం మరొకరితో పూడేది కాదు. మీ దివ్యస్మృతికి సాష్టాంగ ప్రణామాలు. లేచి నన్ను ఒక్కసారి తిట్టండి సార్. నొప్పి మీకు యాడ పుట్టింది?