రేడియోలో నాన్న పేరు

మొన్న కార్ఖానా బస్తీలో ఒక పాత సామాన్ల దుకాణంలో అచ్చం మా ఇంట్లోలాంటి రేడియో కనబడింది. దుకాణం అతను పెట్టి చూపిస్తే అదే వేడెక్కిన దుమ్ము వాసన.

నాన్న పోయినప్పుడు, చిన్నదాన్నని నాకెవరూ చెప్పలేదు. డ్యూటీ మీద ఊరెళ్లాడన్నారు. రేడియోలో "పాడినవారు రాజమల్లు" అనగానే మా నాన్నే అనుకునేదాన్ని. పాట మొదలవగానే అమ్మ కట్టేసేది.

"నాయినను పాడనియ్యవేందమ్మా?" అని ఒకరోజు ఏడ్చాను.

"గాయన మీ నాయిన కాదు బిడ్డా. పేరొక్కటే."

"మరి రేడియో ఎందుకు పెడ్తవ్?"

అమ్మ కొంగుతో రేడియో మీది దుమ్ము తుడిచింది.

భర్త పేరు నోట పలకకూడదని పెరిగిన మనిషి. నాన్న పోయాక ఆమెకు ఆ పేరు వినిపించేది రేడియో ఒక్కటే.

దుకాణంలో నిలబడి నాన్న పేరు పైకే అన్నాను. వినడానికి అమ్మ లేదు.