తారు దిగిన బండి

హోసూరు అవతల తమిళ సీమలో, మత్తూరు నుంచి పోచంపల్లి పోయే మా ఊరి రోడ్డు తొంభైలలో ఒక్క బండికే సరిపోయేది. ఎదురుగా ఇంకో బండి వస్తే, ఎవరో ఒకరు ఒక పక్క చక్రాలను తారు మీద నుంచి మట్టిలోకి దించి దారి ఇవ్వాలి. మా నాయన ఎప్పుడూ తనే దిగేవాడు. మామిడికాయల లోడుతో ట్రాక్టరు మూలుగుతున్నా సరే, వచ్చేది ఒట్టి ఎద్దుల బండి అయినా సరే. మా అన్నకు ట్రాక్టరు నేర్పేటప్పుడు నేను మడ్‌గార్డు మీద కూర్చుని చూసేదాన్ని. ఒకసారి అన్న దిగకుండా హారన్ మోగిస్తే, నాయన స్టీరింగు మీద చెయ్యి వేసి, "ఏమప్పా, ఈ తారు మీ మామ పోయించినాడా? దిగు. మనకు మట్టి అంటుతాది, అంతే కదా" అన్నాడు. అన్నకు అప్పటికి పెళ్లి ఊసే లేదు. చాన్నాళ్లు నేను వాణ్ణి "మీ మామ రోడ్డు ఎట్లుంది?" అని ఏడిపించాను. వాడూ నవ్వేవాడు. తర్వాత తర్వాత ఎదురుగా ఏదైనా కనిపిస్తే చాలు, వాడి చెయ్యి దానంతట అదే స్టీరింగును పక్కకు తిప్పేది.

ఆ చేత్తోనే అన్న సైన్యంలో డ్రైవరుగా చేరాడు. కొన్నేళ్లకు వాణ్ణి ఆఫ్రికాలో ఒక దేశానికి పంపారు. అక్కడ నాలుగైదు దేశాల సిపాయిలు కలిసి శాంతి కాపలా కాస్తున్నారు. యుద్ధం ఆగిపోయింది గానీ, రోడ్ల పక్కన పాతిన మందుపాతరలు అట్లాగే ఉండిపోయాయి. అన్న అక్కడే పోయాడు. మూసిన పెట్టె ఇంటికి వచ్చింది. బండి మందుపాతర మీదికి ఎక్కిందన్న మాట తప్ప మాకు ఇంకేమీ తెలియలేదు. అమ్మ అంతకుముందే లేదు. ఆ పెట్టె ముందు కూర్చోవడానికి నాయనా నేనూ మిగిలాం.

ఏడాది తిరిగాక ఒక ఆఫీసరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడ అన్న ఆయన కిందే పనిచేశాడు. ఆయనకు హిందీ, ఇంగ్లీషు వచ్చు. నాయనకు తెలుగు, తమిళం వచ్చు. నేను అప్పటికే హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో చేరి ఇంగ్లీషుకు అలవాటు పడ్డాను కాబట్టి, ఇద్దరి మధ్య కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

ఆఫీసరు మంచివాడు, ఏదీ దాచలేదు. అక్కడి రోడ్డు కూడా మా రోడ్డులాగే సన్నదట. ఒక మనిషి జబ్బుపడిన భార్యను సైకిలు క్యారియర్ మీద కూర్చోబెట్టి తోసుకుంటూ ఎదురొచ్చాడట. అన్న వేగం తగ్గించి ఒక పక్క చక్రాలను మట్టిలోకి దించాడు. సైకిలు దాటిపోయింది. బండి మళ్లీ తారు ఎక్కబోతుండగా పేలింది. పక్క సీట్లో కూర్చున్న సిపాయి బతికి బయటపడి ఈ సంగతి చెప్పాడు.

"తారు దిగవద్దని ముందే చెప్పాం. కానీ ఎదురుగా మనిషి వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం. ఎవరు వచ్చినా బండిని తారు మీదే ఆపాలి" అన్నాడు ఆఫీసరు.

అది తెలుగులో విని నాయన, "మరి ఆ సైకిలాయప్ప యాడికి దిగాల? ఎవురో ఒకరు దిగాల కదా, అడుగమ్మా" అన్నాడు.

అడిగాను. ఆఫీసరు, మమ్మల్ని ఓదార్చడానికే కావచ్చు, ఇంకో మాట చెప్పాడు. కాపలాకు సిపాయిలను పంపిన దేశాల ఆఫీసర్లంతా ఒకచోట కూర్చుని, తమ దగ్గర జరిగిన పొరపాట్లను ఒకరికొకరు చెప్పుకుంటారట. అన్న సంగతిని కూడా అక్కడ పాఠంగా చెబుతున్నారట. అది విని వేరే దేశాల డ్రైవర్లు జాగ్రత్త పడుతున్నారట. మీ అబ్బాయి చావు వృథా పోలేదు, ఉపయోగపడింది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అన్న ఉపయోగపడటానికి చచ్చాడా? అయినా ఆ మాటను పొల్లుపోకుండా నాయనకు చెప్పాను, అది నా పని కాబట్టి.

"పాఠంలో వాని పేరు చెప్తారా?" అని అడిగాడు నాయన.

పేర్లు చెప్పరట. ఎవరి మీదా నింద పడకూడదని అట్లా పెట్టుకున్నారట. ఒక డ్రైవరు తారు దిగాడు, బండి పేలింది. అంతే చెబుతారు.

"పేరు వద్దులే. అట్ల చెప్తే మావానికి బండి తోలేది రాదనుకుంటారు కదా. దారి ఇచ్చేదానికి దిగినాడని ఒక్క మాట చేర్చమను, సారుకు చెప్పు."

చెప్పాను. చేరుస్తానని ఆఫీసరు మాట ఇచ్చాడు. పెద్దవాళ్లు ఇంటికొచ్చినప్పుడు ఇచ్చే మాటలు ఎట్లాంటివో నాకు తెలుసు. నేను నమ్మలేదు.

ఆయన వెళ్లిపోయాక నాయన గడప మీద కూర్చుని, "నేను నేర్పించిందే కదమ్మా వాన్ని తినేసింది" అన్నాడు. కాదని ఎన్ని విధాల చెప్పినా చెవికెక్కించుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన తారు దిగడం మానేశాడు. ఎవరు ఎదురొచ్చినా ట్రాక్టరును రోడ్డు మధ్యలో ఆపి, ముందుకు చూస్తూ కూర్చునేవాడు. బస్సు డ్రైవర్లు తిట్టేవాళ్లు. ముసలోడికి పొగరెక్కిందని ఊళ్లో అన్నారు. అది పొగరు కాదని ఎవరికని చెప్పుకోను?

ఏళ్లు గడిచాయి. ట్రాక్టరు అమ్మేసి నాయన మోపెడ్ కొన్నాడు. దాని మీదా తారు దిగేవాడు కాదు. రెండు వేల సంవత్సరం దాటాక ఒకసారి, బర్గూరు పక్కన ఒక ఊరి అబ్బాయి అన్నలాగే విదేశంలో శాంతి కాపలాకు పోయి సెలవు మీద వచ్చాడని పోచంపల్లి సంతలో ఎవరో నాయనకు చెప్పారు. వాడూ మిలిటరీ డ్రైవరే. నేను ఆ ఆదివారం హోసూరు నుంచి ఇంటికి వస్తే, నన్ను వెనక కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకుపోయాడు. ఆ అబ్బాయికి మేమెవరమో తెలియదు. నాయన చెప్పలేదు కూడా.

"ఆడ రోడ్డు గురించి ఏమి నేర్పినారప్పా?" అన్నాడు నాయన, వాళ్లిచ్చిన కాఫీ పక్కన పెట్టి.

"తారు దిగొద్దన్నారు మామా. అది మొదటి క్లాసులోనే. వేరే దేశం ఆఫీసరు వచ్చి చెప్పినాడు. వాళ్ల దేశం డ్రైవరు ఒకడు ఉండినాడంట. పెండ్లాన్ని సైకిల్ మీద పెట్టుకొని ఒకాయప్ప ఎదురొస్తే, దారి ఇచ్చేదానికి దిగి చచ్చిపోయినాడంట. మంచి డ్రైవరంట. మంచోళ్లకే ఆ అలవాటు ఉంటాది, చూసుకోండి అని చెప్పినాడు."

వాళ్ల దేశం డ్రైవరు. నోళ్లు మారి, దేశాలు మారి, అన్న వాళ్లవాడైపోయాడు. వాడు మావాడని చెప్పబోయాను. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దారి ఇచ్చేదానికి దిగినాడనే చెప్పినాడా?"

"అదే చెప్పినాడు మామా."

నాయన కాఫీ తాగి లేచాడు. బయటికి వచ్చాక నేను ఆగలేకపోయాను. "పేరు ఎట్లాగూ తీసేసినారు. ఇప్పుడు దేశం కూడా తీసేసినారు నాయనా" అన్నాను.

"పోనీలేమ్మా" అన్నాడు నాయన. "తప్పు చేసినోన్ని ఎవురన్నా మావోడని చెప్పుకుంటారా?"

మత్తూరు దాటాక మా పాత సన్న రోడ్డు వచ్చింది. ఎదురుగా బస్సు వస్తోంది. ఎప్పటిలాగే ఆపేస్తాడని, తిట్లు తినడానికి నేను సిద్ధపడ్డాను. నాయన మోపెడ్‌ను మట్టిలోకి దించాడు. బస్సు డ్రైవరు చెయ్యెత్తి పలకరించి పోయాడు. దుమ్ము అణిగినా నాయన మళ్లీ తారు ఎక్కలేదు. రెండు కాళ్లూ మట్టిలో ఆనించి, హ్యాండిల్ పట్టుకుని, అన్న పోయిన ఇన్నేళ్లకు మొదటిసారి గొంతెత్తి ఏడ్చాడు.